తమ్ముడూ, ఆ టోకెన్ లైను మార్చు

తమ్ముడూ,

అనంతపురం నుంచి నువ్వు పంపిన డయల్‌ప్లాన్, అదే ఫోన్ కాల్స్ నడిపే ఆస్టరిస్క్ సాఫ్ట్‌వేర్‌కు ఏ కాల్‌ను ఏం చెయ్యాలో చెప్పే స్క్రిప్టు, రాత్రి కూర్చుని మొత్తం చదివాను. శుభ్రంగా రాశావు, కానీ టోకెన్ నంబరు పెంచే ఆ ఒక్క లైను దగ్గర ఆగిపోయాను. గ్లోబల్ వేరియబుల్‌లో, అంటే కాల్స్ అన్నింటికీ ఉమ్మడిగా ఉండే చోట, ఉన్నదానికి ఒకటి కలిపి మళ్లీ అందులోనే పెడుతున్నావు. చూడ్డానికి ఒక లైనే, జరిగేవి మాత్రం మూడు పనులు: చదవడం, కలపడం, రాయడం. ఆస్టరిస్క్‌లో ఏ కాల్ థ్రెడ్ దానిదే, అంటే కాల్స్ అన్నీ పక్కపక్కనే ఒకేసారి నడుస్తాయి కాబట్టి, ఒక కాల్ 36 చదివి 37 రాసేలోపు ఇంకో కాల్ కూడా అదే 36 చదివేస్తుంది. ఇద్దరికీ 37 వస్తుంది.

ఈ దెబ్బ నేను తిన్నాను. కర్నూలులో ఒక ఆస్పత్రికి ఓపీ టోకెన్లు ఫోన్‌లో ఇచ్చే స్క్రిప్టు రాశాను, నెలల తరబడి బాగానే నడిచింది. ఒక సోమవారం పొద్దున లైన్లు తెరవగానే కాల్స్ అన్నీ ఒక్కసారే పడ్డాయి. ఆదోని నుంచి తొలి బస్సుకు వచ్చిన పెద్దాయనకూ, ఊళ్లోనే ఉండే ఒకామెకూ ఒకే నంబరు. కిటికీ దగ్గర ఇద్దరూ గొడవపడ్డారు, ఇద్దరూ చెప్పేది నిజమే. తప్పు నా స్క్రిప్టుది.

అందుకే ఒకసారికి ఒక్క కాల్‌నే ముందుకు పోనిచ్చే లాక్ ఫంక్షన్ వాడు. ఒక పేరు పెట్టి లాక్ అడుగు, దొరికినట్టు 1 వచ్చిందో లేదో చూడు, 0 వస్తే ముందుకు పోవద్దు. విలువ పెంచు, పెంచినదాన్ని ఆ కాల్ సొంత వేరియబుల్‌లోకి తీసుకో, ఆ తర్వాతే అన్‌లాక్ చెయ్యి. ఈ సొంత కాపీనే చాలామంది మర్చిపోతారు. అన్‌లాక్ అయ్యాక గ్లోబల్‌నే చదివి నంబరు చెప్పావంటే, ఈలోగా ఇంకో కాల్ దాన్ని పెంచేసి ఉంటుంది, లాక్ వేసీ దండగే.

లాక్ పట్టుకుని మాత్రం ప్లేబ్యాక్ వెయ్యకు, నీకు దండం పెడతాను. నువ్వు "మీ టోకెన్ నంబరు" అని వినిపిస్తున్నంతసేపూ మిగతావాళ్లకు ఫోన్‌లో ఏమీ వినపడదు, విసిగి పెట్టేస్తారు. మధ్యలో కాల్ తెగితే లాక్ దానంతటదే విడిపోతుంది, ఆ టెన్షన్ వద్దు. ఒక లాక్ చేతిలో ఉండగా రెండోది అడిగితే 3 సెకన్లే చూసి వదిలేస్తుంది, అందుకే అలాంటి అవసరం రాకుండా రాసుకో. ఇంకో సంగతి, లాక్ ఆ వేరియబుల్‌కు వేసిన తాళం కాదు, మనం మనం చేసుకున్న ఒప్పందం. వేరే కాంటెక్స్ట్‌లో, అంటే డయల్‌ప్లాన్‌లోని ఇంకో భాగంలో, ఎవరైనా లాక్ అడక్కుండా ఆ కౌంటర్‌ను మారిస్తే ఆపేవాళ్లు లేరు, కాబట్టి దాన్ని ముట్టుకునే ప్రతి చోటూ వెతికి చూడు.

లైన్‌లో ఎన్ని కాల్స్ ఉన్నాయో లెక్క కావాలంటే నువ్వు లెక్కపెట్టొద్దు, గ్రూప్, గ్రూప్ కౌంట్ అనే ఫంక్షన్లు వాడు, కాల్ తెగగానే అవే తగ్గుతాయి. రెండు సర్వర్లు పెడితే ఈ లాక్ పనికిరాదు, అప్పుడు డేటాబేస్‌లోనే పెంచాలి.

ఒక్క ఫోన్‌తో టెస్ట్ చేస్తే ఈ తప్పు కనపడదు. ఆస్టరిస్క్ చేత కాల్ చేయించే చిన్న ఫైళ్లు, అవే కాల్ ఫైళ్లు, 50 వేరే ఫోల్డర్‌లో తయారుచేసి, అన్నింటినీ ఒకేసారి ఆస్టరిస్క్ అవుట్‌గోయింగ్ ఫోల్డర్‌లోకి మూవ్ చెయ్యి, వచ్చిన నంబర్లు వరసగా పెట్టి చూడు. ఒక్క నంబరు రెండుసార్లు వచ్చినా నాకు ఫోన్ చెయ్యి, రాత్రయినా పర్లేదు.

మీ అన్న