ఇల్లు మారుతున్న బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

మాగుంట లేఅవుట్, నెల్లూరు

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు మారుతున్నారని, ట్రక్కు కూడా మాట్లాడుకున్నారని మీ అమ్మ అక్కడి నుంచే ఫోన్ చేసి చెప్పింది. ఫ్రిజ్ అమ్మేశారట, సోఫా ఎవరికివ్వాలో తేల్చుకున్నారట. ఇమ్మిగ్రేషన్ వాళ్లకు అడ్రస్ మార్పు ఎప్పుడు చెబుతున్నారని అడిగితే మాత్రం "పోస్టాఫీసులో ఇచ్చేశారంట కదక్కా, ఇంకేముంది" అంది. న్యూజెర్సీలో అన్నేళ్లు కంపెనీలో వీసా కాగితాలు చూసినదాన్ని, ఆ మాట విన్నాక ఊరుకోలేక రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు అల్లుడి ఉద్యోగం సంగతి. క్లయింటు డాలస్‌లోనే ఉన్నాడు, తను ఎడిసన్‌లో ఇంట్లోంచి పని చేస్తాడు, కాబట్టి ఏమీ మారలేదని మీరిద్దరూ అనుకుంటున్నట్టున్నారు. అల్లుడి ఉద్యోగ వీసా హెచ్-1బి లెక్కలో అది చాలా పెద్ద మార్పు. ఇంట్లోంచి పని చేస్తే ఆ ఇల్లే పని చేసే చోటు. ఉన్న మెట్రో ప్రాంతం దాటి పని చేసే చోటు మారితే, కంపెనీ కార్మిక శాఖ దగ్గర కొత్త ఎల్‌సీఏ (ఆ చోటికి జీతం, పని షరతుల హామీ పత్రం) తీసుకుని సవరించిన పిటిషన్ వేయాలి. సిమియో సొల్యూషన్స్ కేసులో 2015లో ఈ విషయం ఖాయం చేశారు. అది వేసిన తర్వాతే కొత్త చోట పని మొదలుపెట్టాలి. ఆమోదం వచ్చేదాకా ఆగక్కర్లేదు, కానీ వేయకుండా మొదలుపెట్టకూడదు. తనిఖీకి వచ్చేవాళ్లు ఇంటి తలుపు కూడా కొట్టొచ్చు. కాబట్టి ట్రక్కు బయల్దేరకముందే అల్లుడు హెచ్‌ఆర్‌కు, లాయరుకు ఈమెయిల్ పెట్టాలి. ఫోన్లో చెప్పి వదిలేస్తే కుదరదు, రాతలో ఉండాలి. మేనేజరు "నో ప్రాబ్లం" అన్నాడని ఊరుకోవద్దని చెప్పు. మేనేజరుకు ఇమ్మిగ్రేషన్ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఊళ్లోనే ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఇంకో అపార్ట్‌మెంట్‌కు మారి, అదే ఆఫీసుకు వెళ్తుంటే ఈ గొడవ ఉండేది కాదు.

ఇక మీ అందరి పని. దిగిన రోజు నుంచి 10 రోజుల్లోపు ఏఆర్-11 వేయాలి, అదే ఇమ్మిగ్రేషన్ వాళ్లకు అడ్రస్ మార్పు చెప్పే ఫారం. వీసా మీద ఉన్నవాళ్లకైనా, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకైనా ఇదే గడువు. దౌత్య వీసాల వాళ్లలాంటి కొద్దిమందికే మినహాయింపు. అల్లుడికి ఒకటి, నీకు ఒకటి. మీ అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి నెల దాటింది కాబట్టి తనకూ ఒకటి. అల్లుడు వేస్తే ఇంట్లో అందరికీ వేసినట్టే అని చాలామంది అనుకుంటారు, అలా కుదరదు. బుడ్డోడు అక్కడే పుట్టాడు కాబట్టి వాడికి ఏ బాధా లేదు. ఇంట్లో అదృష్టవంతుడు వాడొక్కడే.

దీనికి ఫీజు లేదు. ఇమ్మిగ్రేషన్ కాగితాలు చూసే ప్రభుత్వ శాఖ యూఎస్‌సీఐఎస్ సొంత వెబ్‌సైట్లో అకౌంట్ తెరిచి అక్కడే మార్చుకోవచ్చు. మా రోజుల్లో ఏఆర్-11 ఒకచోట, పెండింగ్ కేసులో అడ్రస్ ఇంకోచోట విడిగా మార్చాల్సి వచ్చేది. 2023 చివర్లో రెండూ కలిపేశారు. అయినా నీ ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) అప్లికేషన్ ఐ-765 పెండింగ్‌లో ఉంది కదా, దాని రసీదు నెంబరు తప్పకుండా ఎక్కించు. మూడు అక్షరాలు, పది అంకెలు, వాళ్లు పంపిన రసీదు, ఐ-797 కాగితం మీద ఉంటుంది. మార్చాక కొన్ని రోజులకు లోపలికి వెళ్లి ఆ కేసులో కొత్త అడ్రస్ కనిపిస్తోందో లేదో చూసుకో. చివర్లో వచ్చే కన్ఫర్మేషన్ పేజీని పీడీఎఫ్‌గా దాచి, నీకు నువ్వే ఈమెయిల్ చేసుకో. రేపు గ్రీన్ కార్డు దాకా వెళ్లినప్పుడు ఎప్పుడు ఎక్కడ ఉన్నారో చెప్పాల్సి వస్తుంది, అప్పుడు ఇవే పనికొస్తాయి. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే కొన్ని సైట్లు ఇదే ఫారానికి పదుల డాలర్లు అడుగుతాయి. అడ్రస్ చివర డాట్ గవ్ లేకపోతే కార్డు నెంబరు కొట్టొద్దు.

పోస్టాఫీసుకు చెప్పడం వద్దనడం లేదు, చెప్పు. ఆన్‌లైన్లో చేస్తే గుర్తింపు సరిచూసుకోవడానికి డాలరు పైచిలుకు తీసుకుంటారు, అంతే. కానీ పోస్టాఫీసుకు చెప్పింది పోస్టాఫీసు దగ్గరే ఉంటుంది, యూఎస్‌సీఐఎస్‌కు చేరదు. పైగా వాళ్ల కార్డులు వచ్చే కవర్లను పోస్టాఫీసు కొత్త ఇంటికి మళ్లించకుండా, పంపినవాళ్లకే తిప్పి పంపేస్తుంది. మన మూలపేటలో ఇంటి నెంబరు తప్పు రాసినా పోస్ట్‌మన్ పేరు చూసి, ఫలానా మేష్టారి మనవరాలు కదా అని వెతుక్కుంటూ వస్తాడు. అక్కడి పోస్ట్‌మన్ పెట్టె మీద నీ పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పంపినా పంపుతాడు. కందుకూరు వైపు కుర్రాడొకడికి ఈఏడీ కార్డు ఇలాగే వెనక్కి పోయి, ఉద్యోగంలో చేరడం ఆగిపోయింది. అడ్రస్ సరిగ్గానే ఇచ్చాడు, మెయిల్ బాక్స్ మీద మాత్రం పాత అద్దెదారు పేరు ఉంది. తాళాలు చేతికి రాగానే తెల్లకాగితం మీద మీ ముగ్గురి ఇంటిపేర్లూ రాసి పెట్టె లోపల అతికించు. అపార్ట్‌మెంట్ నెంబరు ఎక్కడా వదలకు. ఇన్‌ఫార్మ్డ్ డెలివరీ అని పోస్టాఫీసు వాళ్లదే ఉచిత సేవ ఉంది, పెట్టెలో పడబోయే కవర్ల ఫొటోలు పొద్దున్నే ఈమెయిల్‌కు పంపిస్తారు. దాన్ని కూడా పెట్టుకో.

మొదటి నెల అల్లుడి స్నేహితుడి ఇంట్లో దిగి, తర్వాత సొంతంగా అద్దెకు తీసుకుంటారని విన్నాను. అలాగైతే ఏఆర్-11 రెండుసార్లు వేయాలి, రెండుసార్లూ గడువు 10 రోజులే. ఎక్కడ ఉంటున్నారన్నది ఒకటి, ఉత్తరాలు ఎక్కడికి రావాలన్నది ఇంకొకటి. ఫారంలో రెంటికీ వేర్వేరు గడులుంటాయి. స్నేహితుడి ఇంటికి వచ్చే ఉత్తరాలకు అతని పేరు "కేరాఫ్" గడిలో రాయి.

చెప్పకపోతే ఏమవుతుందని అల్లుడు అడుగుతాడు, నాకు తెలుసు. చట్టంలో జరిమానా ఉంది, 30 రోజుల దాకా జైలు ఉంది, దేశం నుంచి పంపించేసే అధికారమూ ఉంది. కావాలని దాచలేదనో, తగిన కారణం ఉందనో చూపించుకోగలిగితే వేరే మాట. కేవలం దీనికే ఎవరినైనా జైల్లో వేయడం నేను చూడలేదు. కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. కానీ ఇంకా కాగితాలు కావాలని వాళ్లు పంపే ఆర్‌ఎఫ్‌ఈ పాత ఇంటికి వెళ్లి, జవాబు గడువు దాటిపోయి, కేసు తిరస్కరణ కావడం చూశాను. నాకు భయం దాని గురించే. నీ వీసా కోసం మీ అమ్మ ఆ ఏటి రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువులో దిగి విదేశీ రొట్టె అందుకుంది. పది నిమిషాల ఫారం వేయలేదని అది పాడు కావడం నాకిష్టం లేదు.

ఇది అమెరికా వాళ్ల చాదస్తం అనుకోకు. నేను విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డు మీద ఇక్కడ ఉంటున్నాను కదా, దర్గామిట్ట నుంచి ఈ ఇంటికి మారినప్పుడు నేనూ ఇక్కడి విదేశీయుల నమోదు కార్యాలయం ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకు ఈమెయిల్ పెట్టాను. 2021 నుంచి ఇక్కడా ఆ నిబంధన ఉంది.

మీ మరిది సంగతి వేరు. స్టూడెంట్ వీసా ఎఫ్-1 కాబట్టి యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల కాగితాలు చూసే డీఎస్‌వోకు 10 రోజుల్లో చెబితే, విద్యార్థుల ప్రభుత్వ రికార్డు సెవిస్‌లో వాళ్లు మారుస్తారు. ఓపీటీలోకి (చదువుకు సంబంధించిన పని చేసుకునే అనుమతి) వచ్చాక విద్యార్థుల పోర్టల్‌లో తనే మార్చుకోవచ్చు. మీతో వచ్చేస్తున్నాడో, అక్కడే రూమ్ తీసుకుంటున్నాడో ముందు తేల్చుకోమను.

డ్రైవింగ్ లైసెన్సు న్యూజెర్సీకి మార్చుకోవడానికి 60 రోజులు టైముంది, అది తర్వాత చూసుకోవచ్చు. బ్యాంకు, ఇన్సూరెన్సు మీకు తెలిసినవే.

మీ అమ్మ ఫారం నువ్వే దగ్గర కూర్చుని వేయించు, తనకు వదిలేస్తే పాత ఇల్లు అన్నచోట మూలపేట అడ్రస్ చెబుతుంది. అక్కడ ఇర్వింగ్ ఇల్లే రాయాలి. తన పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు రికార్డు) కాపీలు నా ఫోన్‌లో ఉన్నాయి, ఈ రాత్రికే వాట్సాప్‌లో పెడతాను. అల్లుడు లాయరుకు ఈమెయిల్ పెట్టాక నాకొక మెసేజ్ చెయ్యి.

పెద్దమ్మ