సున్నా కానిదల్లా ‘అవును’ అయితే

ప్రశ్న: గ్నూటీఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో సర్టిఫికెట్లను సరిచూసే భాగం లోపభూయిష్టంగా ఉండి, నకిలీ సర్టిఫికెట్లను కూడా అసలైనవిగా ఒప్పుకొనేదని, ఆ సంగతి 2014లో బయటపడిందని చదివాను. ఎన్‌క్రిప్షన్ వెనుక ఉన్న గణితం చాలా పటిష్ఠమైనదంటారు కదా, దాన్ని ఎవరైనా ఛేదించారా? బ్రౌజర్‌లో తాళం గుర్తు కనబడినా మోసపోయే పరిస్థితి ఉండేదా?

జవాబు: గణితాన్ని ఎవరూ ఛేదించలేదు, ఆ అవసరమే రాలేదు. తాళం గుర్తు గురించి అడిగారు కాబట్టి ఆ మాట ముందు చెప్పేస్తాను. ఫైర్‌ఫాక్స్ వాడేది ఎన్ఎస్ఎస్ అనే వేరొక లైబ్రరీ కాబట్టి, దానికి ఈ లోపం అంటలేదు. ఇబ్బంది వచ్చింది లినక్స్‌లో గ్నూటీఎల్ఎస్ మీద ఆధారపడి, తాళం గుర్తులేవీ చూపకుండా తెర వెనుక పని చేసుకుపోయే ప్రోగ్రాములకు.

ఒక ప్రోగ్రాము సర్వర్‌తో మాట కలిపేటప్పుడు, సర్వర్ తానెవరో రుజువు చేసే తన సర్టిఫికెట్‌ను, దాని మీద సంతకం చేసిన అధికార సంస్థ సర్టిఫికెట్‌ను ఒక గొలుసుగా పంపుతుంది. ఆ గొలుసు చివరకు మన కంప్యూటర్ ముందే నమ్మిన మూల సర్టిఫికెట్‌కు చేరాలి, ప్రతి సంతకమూ సరిపోవాలి, గడువు మిగిలి ఉండాలి, సర్టిఫికెట్‌లోని పేరు మనం అడిగిన సర్వర్ పేరుతో కలవాలి. వీటితో పాటు, సంతకం చేసిన సర్టిఫికెట్‌కు అసలు సంతకం చేసే అధికారం ఉందా లేదా అన్నది కూడా చూడాలి. ఇది చూడకపోతే, ఒక మామూలు సైటు కోసం సర్టిఫికెట్ తీసుకున్న వ్యక్తి దానితోనే మరే సైటు పేరు మీదైనా ఇంకో సర్టిఫికెట్ పుట్టించగలడు.

గ్నూటీఎల్ఎస్‌లో ఈ అధికారాన్ని పరిశీలించే ఫంక్షన్ (ఒక పని చేసి జవాబు తిరిగిచ్చే కోడ్ ముక్క), అధికారం ఉంటే 1, లేకపోతే 0 చెప్పాలి. అయితే పరిశీలన మధ్యలో సర్టిఫికెట్‌లోని ఏదైనా భాగాన్ని చదవడం వీలుకాకపోతే, లోపలి ఫంక్షన్లు తమ అలవాటు ప్రకారం ఒక రుణసంఖ్యను ఎర్రర్ కోడ్‌గా ఇచ్చేవి, ఈ ఫంక్షన్ దాన్ని ఉన్నదున్నట్టుగా పైకి పంపేది. పైన ఉన్న కోడ్ మాత్రం వచ్చిన జవాబు సున్నానా కాదా అని మాత్రమే చూసేది. రుణసంఖ్య సున్నా కాదు కదా, కనుక ‘నేను చదవలేకపోయాను’ అన్న జవాబు ‘అధికారం ఉంది’ అన్న జవాబుగా చెలామణీ అయ్యేది. అందువల్ల దాడి చేసేవాడు సంతకాన్ని ఫోర్జరీ చేయనక్కర్లేదు; తనిఖీ చేసే కోడ్ తడబడేలా ఒక సర్టిఫికెట్‌ను తయారుచేసి, సర్వర్‌కూ వినియోగదారుకూ మధ్య దారిలో కూర్చుంటే చాలు.

సీవీఈ-2014-0092 అన్న గుర్తింపు సంఖ్య గల ఈ లోపం లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ కోసం జరిగిన కోడ్ పరిశీలనలో దొరికింది. మార్చి 3న విడుదలైన 3.2.12, 3.1.22 వెర్షన్లలో దాన్ని సరిదిద్దారు. మార్పు నిజానికి చిన్నదే: ఎర్రర్ వస్తే జవాబును సున్నా చేసి పంపడం.

అంతకు పది రోజుల ముందే, ఫిబ్రవరి 21న, ఆపిల్ తన ఫోన్లలో ఇలాంటి చోటే ఉన్న మరో లోపాన్ని సరిచేసింది. అక్కడ ‘గోటూ ఫెయిల్’ (మధ్యలోని కోడ్‌ను వదిలేసి చివరికి దూకమనే ఆదేశం) అన్న ఒకే వాక్యం రెండుసార్లు పడి, రహస్య తాళాల (కీ) మార్పిడి మీద ఉండే సంతకం తనిఖీని దాటవేసి నేరుగా చివరికి దూకేది. రెండింటినీ ఒకే గాటన కట్టేవారు ఉన్నారు కానీ, నాకు అది సబబుగా తోచదు. ఆపిల్ కోడ్‌లో సున్నా అంటే ‘దోషం లేదు’, గ్నూటీఎల్ఎస్ ఫంక్షన్‌లో సున్నా అంటే ‘కాదు’. అక్కడ తనిఖీ జరగనేలేదు; ఇక్కడ తనిఖీ జరిగింది, దాని జవాబునే అపార్థం చేసుకున్నారు. గ్నూటీఎల్ఎస్‌కు నిజమైన తోబుట్టువు 2009 జనవరిలో సరిదిద్దిన, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే మరో ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలోని లోపం. అక్కడా సంతకం చూసే ఫంక్షన్ 1, 0, మైనస్ 1 అని మూడు రకాల జవాబులు ఇస్తే, దాన్ని పిలిచిన కోడ్ రెండే ఉన్నాయనుకుంది.

ప్రశ్న: ఇంత తేలికగా అర్థమయ్యే తప్పు పరీక్షల్లో ఎందుకు దొరకలేదు? నా ప్రోగ్రాములో ఇలాంటిది ఉంటే ఎలా తెలుసుకోవాలి?

జవాబు: మంచి సర్టిఫికెట్‌తో కనెక్షన్ కుదిరిందా అని చూసే పరీక్షలు ఈ లోపాన్ని ఎన్నటికీ పట్టలేవు, ఎందుకంటే అన్నింటికీ ‘అవును’ అనే లైబ్రరీ కూడా ఆ పరీక్షల్లో నెగ్గుతుంది. గడువు తీరినవి, పేరు కలవనివి, సొంత సంతకంతో ఉన్నవి ఇచ్చి చూడడం అవసరమే, అందుకు బ్యాడ్‌ఎస్‌ఎస్‌ఎల్ వంటి సైటు పనికొస్తుంది కూడా. కానీ అవన్నీ చక్కగా చదవడానికి వీలైన సర్టిఫికెట్లు కావడంతో, ఎర్రర్ దారిలోకి కోడ్ అడుగే పెట్టదు. 2014లోనే కొందరు పరిశోధకులు అసలు సర్టిఫికెట్ల ముక్కలను అటూ ఇటూ అతికించి 80 లక్షలకు పైగా విచిత్రమైన సర్టిఫికెట్లు తయారుచేసి, వాటిని అనేక లైబ్రరీలకు ఇచ్చి ఎవరి జవాబు ఎవరితో కలవడం లేదో చూశారు. 208 రకాల తేడాలు బయటపడ్డాయి. సరైన జవాబు ముందుగా తెలియకపోయినా తప్పు ఎక్కడుందో చూపే పద్ధతి కాబట్టి, ఇదే నాకు ఎక్కువ నచ్చింది.

మీ కోడ్‌లో అయితే, లైబ్రరీ ఇచ్చిన జవాబు ‘సున్నా కాదా’ అని కాకుండా, విజయానికి దాని డాక్యుమెంటేషన్ చెప్పిన విలువతో సరిగ్గా సమానమేనా అని చూడండి. ఇక లైబ్రరీని అప్‌డేట్ చేశాక, దాన్ని వాడుతున్న ప్రోగ్రాములన్నింటినీ ఆపి మళ్లీ మొదలుపెట్టండి; డిస్కు మీద కొత్త ఫైలు ఉన్నా, ఎప్పటినుంచో నడుస్తున్న ప్రాసెస్ మెమరీలో పాత లైబ్రరీయే ఉంటుంది. లైబ్రరీని తమలోనే కలుపుకొని కంపైల్ అయిన ప్రోగ్రాములకు ఈ రీస్టార్ట్ కూడా చాలదు, వాటిని కొత్త లైబ్రరీతో మళ్లీ బిల్డ్ చేయాల్సిందే.