మా అమ్మాయి ఆశ్రయ కేంద్రంలో యోగా నేర్పుతానంటోంది, పంపవచ్చా?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి బీఎస్సీ రెండో ఏడాది చదువుతోంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం యోగాంధ్ర అనే యోగా కార్యక్రమం జరిపినప్పుడు కాలేజీలో యోగా మొదలుపెట్టింది, ఆ తర్వాత ఒక టీచర్ దగ్గర శ్రద్ధగా నేర్చుకుంది. ఇప్పుడు నెల్లూరులోనే ఉన్న మహిళల ఆశ్రయ కేంద్రంలో శని, ఆదివారాలు ఉచితంగా యోగా నేర్పుతానంటోంది. ఇళ్ళలో దెబ్బలు తిని వచ్చినవాళ్ళు, తాగుడు, మత్తు అలవాట్ల నుంచి బయటపడుతున్నవాళ్ళు అక్కడ ఉంటారట. మంచి పనే, కాదనను. కానీ నాకు టెన్షన్‌గా ఉంది. చదువు పాడవుతుందేమో, రేపు ఉద్యోగానికి ఇదేమైనా పనికొస్తుందా, అలాంటి చోటికి వెళ్తోందని తెలిస్తే సంబంధాలు చూసేటప్పుడు నలుగురూ ఏమనుకుంటారో అని ఆలోచిస్తున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, పంపండి. కానీ వచ్చే శనివారమే వద్దు. అడగాల్సినవి కొన్ని అడిగి, నేర్చుకోవాల్సినవి కొన్ని నేర్చుకుని వెళ్తే అమ్మాయికీ మంచిది, అక్కడున్న ఆడవాళ్ళకీ మంచిది.

ముందు ఉద్యోగం సంగతి చెప్పేస్తాను. యోగా టీచర్ ఉద్యోగం కోసమే అయితే ఈ సేవ పెద్దగా ఉపయోగపడదు. అక్కడ అడిగేది సర్టిఫికెట్. యోగాంధ్రలో ఇచ్చింది పాల్గొన్నందుకు ఇచ్చిన పత్రం, దానితో ఎవరూ టీచరుగా తీసుకోరు. ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద 2018లో వచ్చిన యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్ష పాసైతే దానికి విలువ ఉంటుంది. అందులో ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్ స్థాయికి 200 గంటలు, దాని పైన వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్‌కు 400 గంటల శిక్షణ. పదిహేను రోజుల్లో ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఇస్తామంటూ వాట్సాప్‌లో తిరిగే ప్రకటనలకు ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. సర్టిఫికెట్ వచ్చాక దొరికేవి కూడా చాలావరకు పార్ట్‌టైమ్ పనులే. ఆయుష్ కింద నడిచే ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో శిక్షకులకు సెషన్‌కు 250 రూపాయల లెక్కన ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ సాయంతో నడిచే మత్తు విముక్తి కేంద్రాల్లోనూ యోగా నేర్పేవారికి పార్ట్‌టైమ్ పోస్టు ఉంటుంది, ఇచ్చేది గౌరవ వేతనమే. అద్దె కట్టుకుని బతకగలిగే జీతం అనుకోకండి.

మరి దేనికి పనికొస్తుందంటే, మనుషుల కష్టాలతో పనిచేసే ఉద్యోగాలకు. సోషల్ వర్క్, సైకాలజీ, కౌన్సెలింగ్, స్త్రీ శిశు సంక్షేమ శాఖ పథకాల్లో పనులు అన్నీ ఆ దారిలోవే. హింసకు గురైన ఆడవాళ్ళకు అన్ని సాయాలూ ఒకేచోట అందించే సఖి వన్ స్టాప్ సెంటర్లలో కేస్ వర్కర్ పోస్టుకు సోషల్ వర్క్, సైకాలజీ, లా లాంటి డిగ్రీలతో పాటు అనుభవం కూడా అడుగుతారు. బీఎస్సీ తర్వాత ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ ఫీజు కట్టి, చివరి సెమిస్టర్‌లో ఫీల్డ్ వర్క్‌కి వెళ్ళి, "ఇది నావల్ల కాదు సార్" అని నా దగ్గరకు వచ్చిన పిల్లలున్నారు. మీ అమ్మాయికి ఆ సంగతి డిగ్రీ రెండో ఏడాదిలోనే, పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది. ఆర్నెల్లు వెళ్ళి నాకు నచ్చలేదంటే అదీ లాభమే, ఎంసీఏనో బీఈడీనో మనశ్శాంతిగా చదువుకుంటుంది.

ఇంకో మాట. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది, ఎన్ఎస్ఎస్‌లో ఉంటే రెండేళ్ళలో 240 గంటల సేవ. ఈ పనిని వాటి కింద లెక్కిస్తారేమో కాలేజీలో ప్రోగ్రామ్ ఆఫీసర్‌ని అడగమనండి. లెక్కించకపోయినా పరవాలేదు. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం పట్టుకెళ్తే కేంద్రం వాళ్ళు నమ్ముతారు, మీకూ ధైర్యంగా ఉంటుంది.

అది ఎలాంటి కేంద్రమో ముందు తెలుసుకోండి. సఖి సెంటర్ అయితే అక్కడ బస మామూలుగా ఐదు రోజులకు మించదు. ఆస్పత్రి, పోలీసు, లాయరు పనులతో ఆ ఐదు రోజులూ గడిచిపోతాయి, యోగా క్లాసుకు అది చోటు కాదు. కష్టాల్లో ఉన్న ఆడవాళ్ళ కోసం నడిచిన పాత స్వధార్ హోమ్‌లను, అక్రమ రవాణా నుంచి బయటపడ్డవాళ్ళ కోసం నడిచిన ఉజ్వల హోమ్‌లను కలిపి ఇప్పుడు శక్తి సదన్ అంటున్నారు, వాటిలో నెలల తరబడి ఉంటారు. క్లాసు నిలబడేది అలాంటి చోటే. మత్తు విముక్తి కేంద్రమైతే డాక్టరు సరే అన్నవాళ్ళనే కూర్చోబెట్టాలి. తాగుడు మానిన మొదటి కొద్ది రోజుల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. అప్పుడు కావాల్సింది వైద్యం. ఏ కేంద్రమైనా సరే, అది జిల్లా స్త్రీ శిశు సంక్షేమ అధికారి లెక్కల్లో ఉందా, అక్కడ కౌన్సెలర్ ఉన్నారా, క్లాసు జరుగుతున్నంతసేపూ వాళ్ళ ఆడ సిబ్బంది ఒకరు గదిలో ఉంటారా అని అడగండి. మూడోదానికి లేదంటే వద్దనేయండి.

ఇక క్లాసు. మీ అమ్మాయి తన టీచర్ దగ్గర నేర్చుకున్నది నేర్చుకున్నట్టు అక్కడ చేయిస్తే మొదటి వారం పదిమంది వస్తారు, మూడో వారానికి ఇద్దరు మిగులుతారు. మన దగ్గర యోగా నేర్పడమంటే ఆజ్ఞలివ్వడమే కదా. కళ్ళు మూయండి, కదలొద్దు, ఇంకా వంగండి, ఆపొద్దు. ఏళ్ళ తరబడి ఇంట్లో ఇవే మాటలు వేరే గొంతులో విన్న మనిషికి అవి ఎలా వినిపిస్తాయో ఆలోచించండి. కళ్ళు మూసుకోమంటే కొందరికి గుండె దడ మొదలవుతుంది. వెనక నిలబడి నడుం సరిచేయబోతే ఉలిక్కిపడి లేచిపోతారు. అందుకే మూయాలనిపిస్తే మూయండి, లేదంటే నేల వైపు చూడండి అనాలి. వాళ్ళను ముట్టుకోకూడదు. తను ఎప్పుడూ అందరికీ కనిపించే చోటే ఉండాలి, గది మధ్యలో తిరగకూడదు. తలుపు గడియ వేయకూడదు, తలుపు దగ్గర కూర్చుంటానంటే కూర్చోనివ్వాలి. అరగంట ఊరికే కూర్చుని చూసి వెళ్ళిపోయినా ఆమె క్లాసుకు వచ్చినట్టే.

దీని మీద చదవమనండి, దేశంలోనూ బయటా చాలా పని జరిగింది. అమెరికాలో 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, హింసకు గురై, ఆ దెబ్బ మనసుకు తెచ్చిన జబ్బు (పీటీఎస్‌డీ అంటారు) నుంచి ఏళ్ళ తరబడి కోలుకోలేకపోయిన 64 మంది స్త్రీలను తీసుకున్నారు. కొందరికి 10 వారాలు, వారానికి ఒక గంట ఈ పద్ధతిలో యోగా చేయించారు. వాళ్ళలో సగం మందికి ఆ జబ్బు లక్షణాలు రోగమనదగ్గ స్థాయి నుంచి దిగిపోయాయి. యోగా లేకుండా ఆరోగ్య పాఠాలు విన్నవాళ్ళలో అది ఐదింట ఒక వంతే. అయితే వాళ్ళెవరూ చికిత్స ఆపి యోగా చేయలేదు. "మందులు మానేయండి, ప్రాణాయామం చాలు" అనే మాట మీ అమ్మాయి నోట ఒక్కసారి కూడా రాకూడదు.

బట్టల సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. అక్కడ చాలామంది నైటీల్లోనో చీరల్లోనో ఉంటారు. కట్టుబట్టలతో వచ్చినవాళ్ళకు ట్రాక్ ప్యాంట్ ఎక్కడిది? పడుకుని కాళ్ళు పైకెత్తమంటే సిగ్గుతో ముడుచుకుపోతారు. కుర్చీలో కూర్చుని, గోడ పట్టుకుని నిలబడి చేసేవి ఎంచుకోవాలి. భుజాలు, మెడ, మణికట్టు, చీలమండలు తిప్పడం, ఊపిరి నెమ్మదిగా వదలడం చాలు. కపాలభాతి, ఊపిరి బిగబట్టడం, తల కిందికి దించేవి మొదటి నెలల్లో వద్దు. గర్భిణులుంటారు, బీపీ మాత్రలు, నిద్ర మాత్రలు వేసుకునేవాళ్ళుంటారు, గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. పైగా మన జిల్లాల ఆడవాళ్ళ ఒళ్ళు పనిచేసి అరిగిన ఒళ్ళు. ఒంగోలు వైపు పొగాకు గ్రేడింగ్‌లో గంటల తరబడి కింద కూర్చున్న నడుములు, మన తీరంలో రొయ్యల ప్లాంట్లలో తడిలో నిలబడిన మోకాళ్ళు. "నాకెందుకులేమ్మా ఇయ్యన్నీ, నడుము పట్టేసింది చూడు" అన్న పెద్దావిడకు సూర్య నమస్కారం చూపించడం కన్నా, కుర్చీలో నడుము ఎలా వాల్చాలో చూపిస్తే వచ్చే వారం తనే ముందు వచ్చి కూర్చుంటుంది.

మా విద్యార్థిని ఒకమ్మాయి ఇలాంటి చోట మొదటి రోజే అందర్నీ చేతులు పైకెత్తమంది. ఒకావిడ ఎడమ చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. "ఇంకొంచెం అక్కా, ప్రయత్నించండి" అంది ఈ పిల్ల. ఆమె ఏమీ అనలేదు, చెయ్యి దించేసి కొంగు సర్దుకుంది. ఆ భుజం ఎప్పుడో విరిగి సరిగా అతకలేదని తర్వాత కౌన్సెలర్ చెప్పారు. ఆ మర్నాటి నుంచి ఆ పిల్ల క్లాసులో "ఇంకొంచెం" అనే మాట మానేసి, "ఎంతవరకు వస్తే అంతవరకే" అనడం మొదలుపెట్టింది.

ఇక మీ గురించి. ఇది మీకు కష్టంగా అనిపించవచ్చు. ఎవరైనా కొత్తగా కనిపిస్తే మనం అడిగే మొదటి ప్రశ్న ఏ ఊరమ్మా అని. తర్వాత ఎవరి తాలూకు, పిల్లలెంతమంది. మర్యాదకే అడుగుతాం, కానీ అక్కడ ఆ ప్రశ్నలు అడగకూడదు. ఆమె కోసం మొగుడు ఊరూరా వెతుకుతుండవచ్చు, పిల్లలు ఆయన దగ్గరే ఉండిపోయి ఉండవచ్చు. రేపు ఆ గదిలో మీ కావలి మనిషే, మీ వీధి మనిషే కనిపించవచ్చు. ఆ సంగతి మీ అమ్మాయి మీకు కూడా చెప్పకూడదు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు "ఎవరెవరు వచ్చారే, ఏంటంట వాళ్ళ కథ" అని అడక్కండి. అడిగితే ఆ పిల్ల మీకు అబద్ధమైనా చెప్పాలి, వాళ్ళకు ద్రోహమైనా చేయాలి. క్లాసు ఎలా జరిగింది, నువ్వు అన్నం తిన్నావా అని అడగండి. ఫోటోలు, ఇన్‌స్టా రీల్స్ అసలే వద్దు, వెనక నుంచి తీసినవీ వద్దు. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు. యోగా దినోత్సవం రోజు అధికారులతో గ్రూప్ ఫోటో అని కేంద్రం వాళ్ళే అడిగినా, ఆడవాళ్ళు లేకుండా తీసుకోమని చెప్పే ధైర్యం అమ్మాయికి ఉండాలి.

అలాగే ఎవరైనా తన దగ్గర ఏడ్చి, చచ్చిపోవాలనుందని చెబితే ఎవరికీ చెప్పనని మాటివ్వకూడదు. ఆ పూటే కౌన్సెలర్‌కు చెప్పాలి. మహిళా హెల్ప్‌లైన్ 181, మానసిక సహాయానికి టెలి మానస్ 14416, మత్తు మానడానికి 14446, ఈ మూడూ ఫోన్లో పెట్టుకోమనండి. సొంత నంబరు, హాస్టల్ అడ్రసు ఇవ్వొద్దు, అప్పు ఇవ్వొద్దు, ఎవరి తరఫునా ఉత్తరాలు మోయొద్దు. వారంలో రెండు రోజులు కూడా ఎక్కువే, మొదట శనివారం ఒక్కటే, ముప్పావు గంట చాలు. విన్నవి రాత్రి పడుకున్నా తలలో తిరుగుతాయి. నిద్ర పట్టకపోతున్నా, ఊరికే చిరాకు పడుతున్నా కొన్నాళ్ళు ఆపేయమనండి. చదువు పాడయ్యేది గంటల లెక్కన కాదమ్మా, ఇలాగే.

నలుగురూ ఏమనుకుంటారో అన్నారు. మీకు తెలియనిది కాదు, మీ కావలికి దగ్గర్లోనే కలిగిరి మండలం దూబగుంట ఉంది. 1992లో అక్కడి ఆడవాళ్ళు రోసమ్మ ముందు నడవగా సారా కొట్టు మూయించారు. ఆ ఊరి నుంచి పాకిన ఉద్యమంతోనే 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగిపోయింది. తాగి వచ్చి కొట్టే మొగుళ్ళ గురించి, చెప్పుకోలేని ఇళ్ళ గురించి మన జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆశ్రయ కేంద్రంలో ఉన్నవాళ్ళు ఎక్కడి నుంచో వచ్చిన వేరే రకం మనుషులేం కాదు. సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు అడిగితే, మా అమ్మాయి ఆడవాళ్ళకు యోగా నేర్పుతుందని చెప్పండి. దానికి ముఖం చిట్లించే ఇంటికి పిల్లనివ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే ఇవ్వను.

చివరగా, మానేసేటప్పుడు ఎలా మానేయాలో మొదటి రోజే అనుకోమనండి. సెమిస్టర్ పరీక్షలకు రాననేది రెండు వారాల ముందే క్లాసులో చెప్పాలి, మళ్ళీ ఏ శనివారం వస్తుందో కూడా చెప్పి, ఆ శనివారం కచ్చితంగా వెళ్ళాలి. పూర్తిగా మానేస్తుంటే కేంద్రం వాళ్ళకు ఫోన్ చేసి ఊరుకోకుండా, ఆ ఆడవాళ్ళకే ఎదురుగా చెప్పి రావాలి. ఈలోపు కాలేజీ ఉత్తరం తెచ్చుకుని, ఒక శనివారం మీరు కూడా నెల్లూరు వెళ్ళి కేంద్రం సూపరింటెండెంట్‌ను కలవండి. లోపల అందర్నీ చూడాలని అడగొద్దు, ఆఫీసు గదిలో కూర్చుని పైన చెప్పిన మూడు ప్రశ్నలూ అడిగి రండి.