ముందు లెక్క, తర్వాత కారణం

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. మా వాడు మెకానికల్ డిప్లొమా చేసి చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో చేరాడు. సూపర్‌వైజర్‌తో అసలు పడటం లేదు. మొన్న రెండు స్లాబులు పగిలితే, ఎందుకు పగిలాయో చెప్పబోయాడట. "ఎన్ని పోయాయో చెప్పు చాలు" అని ఆయన అందరి ముందూ కసిరాడట. మానేస్తానంటున్నాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: అందరి ముందూ కసరడం ఆయన తప్పేనమ్మా. అయినా మానేయమని అప్పుడే అనకండి. లోడు పంపాల్సిన మనిషికి ఆ నిమిషంలో కావాల్సింది లెక్క: ఎన్ని తగ్గాయి, బదులు ఎక్కడున్నాయి. మీ వాడేమో రాతి బ్లాకు కోసిన దగ్గర్నుంచి కారణం చెప్పడం మొదలుపెట్టి ఉంటాడు. ఇద్దరిదీ పని ధ్యాసే.

విలియం మౌల్టన్ మార్‌స్టన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1928లోనే మనుషుల నడతను నాలుగు తీరులుగా చెప్పాడు. కంపెనీ ట్రైనింగుల్లో వినబడే 'డిస్క్' (DISC) అనే, మనిషి తీరు చెప్పే పద్ధతి అందులోంచి వచ్చిందే. టకటకా తేల్చేసేవాళ్లు, కలుపుగోలుగా మాట్లాడి ఒప్పించేవాళ్లు, నిదానంగా సాగేవాళ్లు, అన్నీ సరిచూసుకోనిదే అడుగు వేయనివాళ్లు. మీరు రాసినదాన్ని బట్టి ఆయన మొదటి రకం, మీ వాడు చివరి రకం. ఇదేమీ జాతకం కాదు లెండి. ఇంట్లో నోరు మెదపని మనిషే షిఫ్టులో గద్దిస్తుంటాడు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి టెస్టులు రాయించే పని మాత్రం పెట్టుకోకండి.

ఒక వారం ఇలా మాట్లాడి చూడమనండి: "సార్, రెండు స్లాబులు పోయాయి. అదే బ్లాకువి ఇంకో మూడున్నాయి, తీయమంటారా?" అంతే, ఆగిపోవాలి. కారణం ఆయన అడిగితే చెప్పాలి. అడక్కపోతే షిఫ్టు అయ్యాక నాలుగు ముక్కలు రాసి ఇవ్వాలి. పగుళ్లు ఒకే బ్లాకులో వస్తున్నాయని మీ వాడు పట్టుకుంటే అది ఆయనకూ పనికొచ్చే సంగతే, కాకపోతే లోడు ఎత్తే వేళ చెవికెక్కదు.

అదే షెడ్డులో ఏళ్ల తరబడి చేస్తున్న ఆపరేటర్లుంటారు. వాళ్ల దగ్గర ఇంత ముక్తసరిగా మాట్లాడితే బెడిసికొడుతుంది. అక్కడ ముందు టీ, తర్వాతే పని.

ఇక బూతులు తిట్టినా, జీతం ఆపినా, రాతి దుమ్ములో మాస్కు లేకుండా నిలబెట్టినా 'ఆయన తీరే అంత' అని ఓర్చుకోనక్కర్లేదు. అలాంటివేమైనా ఉన్నాయేమో నిలదీయకుండా, అన్నం పెట్టేటప్పుడు మామూలుగా అడగండి. ఉంటే ఈ వారం సంగతి వదిలేసి వేరే చోట చూసుకోమనండి.