ఐలా అంటే వరదగుడి

సందేహం: మా అబ్బాయీ కోడలూ పాపకి 'ఐలా' అని పేరు పెట్టారు. ఇంటర్నెట్‌లో చూస్తే ఒకచోట సంస్కృతం, భూమి అని అర్థం అని ఉంది, ఇంకోచోట టర్కీ పేరు అని ఉంది. ఏది నిజం? తెలుగులో ఎలా రాయాలి?

సమాధానం: టర్కీ పేరేనండి. భూమి అనే అర్థం 'ఇల'ది. పురాణాల్లో ఇళ అనే ఆమె కొడుకు కాబట్టి పురూరవ మహారాజుని ఐలుడు అంటారు, కానీ ఆ మాటకి ఆడపేరు చేస్తే పర్వత నుంచి పార్వతి, ద్రుపద నుంచి ద్రౌపది వచ్చినట్టు 'ఐలి' రావాలి తప్ప ఐలా రాదు. మన ఐలమ్మ, ఐలయ్యలతోనూ దీనికి చుట్టరికం లేదు.

టర్కిష్‌లో 'అయ్' అంటే చంద్రుడు, నెల కూడా. మంగోలియాలో దొరికిన 8వ శతాబ్దపు పాత టర్కిక్ రాతలు, ఓర్ఖాన్ శాసనాల్లోనే తేదీలు చెప్పేచోట ఈ మాట ఉంది. మనకీ అంతే కదా, 'నెల' అంటే ముప్పై రోజులూ, చంద్రుడూ, నెలవంకలో ఉన్నది ఆ చంద్రుడే. ఐగుల్, ఐసు, ఐలిన్ అన్నీ ఈ 'అయ్' పేర్లే. 1950లో కొరియా యుద్ధానికి వెళ్లిన సులేమాన్ అనే టర్కీ సార్జెంటు, తనకు దొరికిన అనాథ పాప ముఖం చంద్రుడిలా గుండ్రంగా ఉందని ఐలా అని పిలుచుకున్నాడు.

అయితే ఐలా అంటే ఉత్త చంద్రుడు కాదు, కొన్ని రాత్రులు పల్చటి మబ్బులో చంద్రుడి చుట్టూ కనబడే వెలుగు వలయం. దీనికి మనకు చక్కటి మాట ఉంది, వరదగుడి. పరివేషం అని సంస్కృతంలో చెప్పక్కర్లేదు. ఇక్కడ గుడి అంటే దేవాలయం కాదు, గుండ్రనిది, 'కి' మీద పెట్టే గుడి కూడా అదే. దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన అని మా ఊళ్లో పెద్దవాళ్లు ఆకాశం చూసి చెప్పేవారు. నాకు భలే నచ్చిన సంగతి ఇంకోటి ఉంది, టర్కిష్‌లో ఈ వలయానికే 'అగిల్' అని మరో మాట ఉంది, దాని మొదటి అర్థం గొర్రెల దొడ్డి! మంద చుట్టూ కంచె కట్టుకుని బతికినవాళ్లకి చంద్రుడి చుట్టూ కూడా అదే కనిపించింది.

ఇక రాయడం. 'ఐలా' అనే రాయండి. ఐదు, అయిదు రెండూ చెల్లినట్టు 'అయిలా' కూడా తప్పు కాదు కానీ, స్కూల్ సర్టిఫికెట్లలో రెండు రకాలు పడితే తర్వాత పాపకే టెన్షన్. లీలా, సీతా అన్నవి తెలుగులో లీల, సీత అయినట్టు ఇంట్లో 'ఐల' అని పిలుచుకుంటే ఏ అభ్యంతరమూ లేదు. ఎవరైనా అర్థం అడిగితే మాత్రం టర్కీ మాట, వరదగుడి అని చెప్పండి.