ఆవు క్షయ: సూది పరీక్షా, రక్త పరీక్షా?

ప్రశ్న: మాకు ఆరు పాడి ఆవులున్నాయి. ఒకటి రెండు నెలలుగా దగ్గుతూ చిక్కిపోతోంది. మెడ మీద సూది వేసి చూసి క్షయ లేదన్నారు. రక్త పరీక్ష చేయిస్తే మేలని ఇంకొకరు అంటున్నారు. దేన్ని నమ్మాలి?

జవాబు: సూది పరీక్షలో ఏమీ లేదన్నంత మాత్రాన మీ ఆవుకు క్షయ లేదని తేల్చలేం. వ్యాధి బాగా ముదిరి, ఎముకలు తేలిన పశువులో రోగనిరోధక స్పందన మందగించి, ట్యుబర్క్యులిన్ (క్షయ క్రిమి నుంచి తీసి సూదితో వేసే ద్రవం) వేసిన చోట వాపు రాకపోవచ్చు. ఈనిన తొలి వారాల్లోనూ ఇలా జరుగుతుంది.

ముందుగా ఆ పరీక్ష ఎలా చేశారో కనుక్కోండి. బోవైన్ (పశువుల క్షయ క్రిమి నుంచి తీసిన) ట్యుబర్క్యులిన్ ఒక్కటే వేస్తే, జోన్స్ వ్యాధిని (పశువుల్లో దీర్ఘకాలం ఉండే పేగుల జబ్బు) కలిగించే దగ్గరి జాతి సూక్ష్మజీవి ఉన్న పశువులోనూ వాపు వచ్చి, లేని క్షయ ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే మెడ మీద రెండు చోట్ల వెంట్రుకలు కత్తిరించి, ఒకచోట ఏవియన్ (పక్షుల క్షయ క్రిమి నుంచి తీసినది), మరోచోట బోవైన్ ట్యుబర్క్యులిన్‌ను 0.1 మి.లీ. చొప్పున చర్మం పొరలోకి ఎక్కించి, 72 గంటల తర్వాత రెండు వాపులనూ పోల్చి చూసే పద్ధతి మేలు. బోవైన్ వేసిన చోట పెరిగిన మందం ఏవియన్ వేసిన చోట పెరిగినదాని కంటే 4 మి.మీ. మించితే సాధారణంగా పాజిటివ్‌గా లెక్కిస్తారు. సూది వేసే ముందు కాలిపర్‌తో మందం కొలిచి రాసుకోకుండా, మూడో రోజు చేత్తో తడిమి చెప్పిన ఫలితానికి నేనైతే విలువ ఇవ్వను.

ఇక రక్త పరీక్ష అంటే ఒకటి కాదు. ఇంటర్‌ఫెరాన్ గామా పరీక్ష (క్షయ క్రిమికి రక్తకణాలు ఎలా స్పందిస్తాయో చూసేది) వ్యాధిని తొలి దశలోనే పసిగట్టగలదు గానీ, ఆరోగ్యంగా ఉన్న పశువును రోగిగా చూపే అవకాశం రెండు సూదుల పరీక్షలో కంటే కాస్త ఎక్కువే. పైగా రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఉన్న గొట్టంలో తీసిన రక్తాన్ని ఐస్‌లో పెట్టకుండా, కణాలు బతికుండగానే, ఒక రోజు లోపు ల్యాబ్‌కు చేర్చాలి. యాంటీబాడీలను వెతికే ఎలైసా దీనికి భిన్నం: తొలి దశలో అంతగా ఉపయోగపడదు గానీ, చర్మ పరీక్షకు చిక్కని ముదిరిన కేసులను కొన్నిసార్లు పట్టిస్తుంది. మీ ఆవుకు ఎలైసాతో పాటు శ్వాసనాళ స్రావాన్ని పీసీఆర్‌కూ (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష), కల్చర్‌కూ (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) పంపమని పశువైద్యుణ్ణి అడగండి. కల్చర్ ఫలితానికి వారాలు పడుతుంది. పీసీఆర్ నెగెటివ్ వచ్చినా వ్యాధి లేదని కాదు. మిగతా అయిదింటికి మాత్రం రెండు సూదుల పరీక్షే చేయించి, రెండు నెలల ఎడంతో మళ్లీ చేయించండి. దగ్గుకూ చిక్కడానికీ వేరే కారణాలూ ఉంటాయి కనుక పేడ పరీక్ష కూడా మానవద్దు.

ఈలోగా ఆ ఆవును వేరే చోట కట్టి, మేత, నీళ్ల తొట్టి విడిగా పెట్టండి. దాని పాలు వాడకండి, అమ్మకండి. మిగతా పాలను కాచి మాత్రమే తాగండి. మనుషుల క్షయ మందులు ఆవుకు వేయవద్దు. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించి, ఆవు సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. పశువుల నుంచి సోకే ఈ క్రిమి పైరజినమైడ్ మందుకు సహజంగానే లొంగదు కనుక చికిత్స మార్చవలసి రావచ్చు.