వీఎల్‌సీలో వస్తున్న స్ట్రీమ్ మా సైట్‌లో ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: మా సర్వర్ నుంచి వెళ్లే హెచ్‌ఎల్‌ఎస్ (వీడియోను చిన్న ముక్కలుగా పంపే పద్ధతి) లింకు వీఎల్‌సీలో, ఐఫోన్ సఫారీలో బాగానే ప్లే అవుతోంది. క్రోమ్‌లో మా సైట్ తెరిస్తే మాత్రం కన్సోల్‌లో సీఓఆర్‌ఎస్ ఎర్రర్ చూపిస్తోంది. మా వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌లో యాక్సెస్-కంట్రోల్-అలౌ-ఆరిజిన్ హెడర్‌కి స్టార్ పెట్టినా మార్పు లేదు. ఏం చేయాలి?

జవాబు: వీఎల్‌సీలో వచ్చింది కదా అని సర్వర్‌ సెట్టింగులన్నీ సరిగ్గా ఉన్నాయనుకోకండి. ఒక సైట్‌లోని స్క్రిప్టు వేరే సర్వర్ డేటాను చదవాలంటే ఆ సర్వర్ ఇవ్వాల్సిన అనుమతే సీఓఆర్‌ఎస్. దాన్ని అడిగేది బ్రౌజరు మాత్రమే, వీఎల్‌సీకి ఆ పట్టింపే లేదు. సఫారీ హెచ్‌ఎల్‌ఎస్‌ని వీడియో ట్యాగ్‌లో నేరుగా ప్లే చేస్తుంది కాబట్టి అక్కడా అడ్డు రాలేదు. క్రోమ్ కోసం మీరు హెచ్‌ఎల్‌ఎస్.జేఎస్ లాంటి ప్లేయర్ పెట్టి ఉంటారు. అది ఫైళ్లను జావాస్క్రిప్ట్‌తో తెప్పించుకుంటుంది. సైట్‌కీ స్ట్రీమ్‌కీ పోర్టు నంబరు ఒక్కటే వేరైనా సరే, స్ట్రీమ్ సర్వర్ ఒప్పుకుంటేనే బ్రౌజరు ఆ డేటాను స్క్రిప్టుకిస్తుంది.

స్టార్ పెట్టినా పనిచేయలేదంటే నా మొదటి అనుమానం ఎన్‌జిన్‌ఎక్స్‌లో హెడర్లు చేర్చే యాడ్_హెడర్ లైను మీదే. సర్వర్ బ్లాకులో రాసిన హెడర్లు లోపలి లొకేషన్ బ్లాకులకూ వర్తిస్తాయి నిజమే. కానీ ఆ లొకేషన్‌లో క్యాష్-కంట్రోల్ కోసమో దేనికో ఇంకో యాడ్_హెడర్ రాశారా, పైవన్నీ అక్కడ రద్దయినట్టే. ఎం3యూ8 ప్లేలిస్టుకి ఒక లొకేషన్, టీఎస్ వీడియో ముక్కలకు ఇంకొకటి రాసేవాళ్లు తరచూ ఇక్కడే ఇరుక్కుంటారు: ప్లేలిస్టు వస్తుంది, ముక్కలు రావు. ఎన్‌క్రిప్షన్ కీ ఫైలుదీ ఇదే కథ. అనుమతి లైను ప్రతి లొకేషన్‌లోనూ రాయండి, చివర ‘ఆల్వేస్’ చేర్చండి. అది లేకపోతే 404 లాంటి జవాబులకు హెడర్ వెళ్లదు. ఫైలే లేకపోయినా కన్సోల్ సీఓఆర్‌ఎస్ అనే అంటుంది, మీరు లేని తప్పు కోసం వెతుకుతుంటారు!

ఎన్‌జిన్‌ఎక్స్ వెనక మీడియా సర్వర్ కూడా అదే హెడర్ పంపుతుంటే రెండు విలువలవుతాయి, బ్రౌజరు ఒప్పుకోదు. ప్రాక్సీ_హైడ్_హెడర్‌తో వెనకదాన్ని ఆపేయండి. కర్ల్ అనే కమాండ్ లైన్ టూల్‌తో ఆరిజిన్ హెడర్ జోడించి ప్లేలిస్టునీ ఒక ముక్కనీ విడివిడిగా అడిగి చూస్తే గుట్టు బయటపడుతుంది.

అందరికీ తెరిచి ఉంచిన స్ట్రీమ్‌కి స్టార్ చాలు. కుకీలతో లాగిన్ ఉంటే అది చెల్లదు. మీ సైట్ అడ్రసును హెచ్‌టీటీపీఎస్‌తో సహా, చివర స్లాష్ లేకుండా రాసి, అలౌ-క్రెడెన్షియల్స్‌ని ‘ట్రూ’ చేయాలి. ప్లేయర్ ఆథరైజేషన్ హెడర్ పంపుతుంటే, బ్రౌజరు అనుమతి కోసం ముందుగా పంపే ఆప్షన్స్ రిక్వెస్టుకు లాగిన్ అడగకుండా 204 ఇవ్వాలి.

ఒక డొమైన్‌నే అనుమతిస్తే లింకు దొంగతనం ఆగుతుందనుకుంటారు కొందరు. వీఎల్‌సీ ఎలా ప్లే చేస్తోందో చూశారుగా. దొంగతనం ఆపడానికి గడువుతో కూడిన సైన్డ్ యూఆర్‌ఎల్స్ (సర్వర్ సంతకం ఉన్న లింకులు) వాడండి.